ఎందుకుగారూ, గుమ్మం కాపలా

ఎందుకుగారికి ఉన్నది ఒక్కటే జబ్బు. ఎవరినైనా ఎక్కడైనా ఆపితే చాలు, ఎందుకు ఆపారో చెప్పేదాకా ఆయన అక్కణ్ణుంచి కదలడు. ఆపింది తననే కానక్కర్లేదు. దారిన పోయే దానయ్యను ఆపినా సరే, చేతిలో సంచీ కింద పెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుని, "ఎందుకు ఆపారండీ?" అని మొదలుపెడతాడు. కోపంగా కాదు, పసిపిల్లని నీ పేరేమిటమ్మా అని అడిగినంత మెత్తగా. ఆ మెత్తదనంతోనే వచ్చింది చిక్కంతా. కోపంగా అడిగేవాణ్ణి కసిరి పంపొచ్చు. మెత్తగా అడిగేవాణ్ణి ఏం చేస్తాం?

అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. జీతం కాయితం మీద తప్ప దాన్ని చూసినవాళ్ళు లేరు. ఆఫీసులో అందరికీ ఆయన ఎందుకుగారే.

అది రోగులకి మంచాలూ, చక్రాల కుర్చీలూ, వాకర్లూ అద్దెకిచ్చే ఆఫీసు. అందులో రెండో అంతస్తు టీ గదికి యజమానురాలు పెద్దమ్మ. యజమానురాలని ఆవిడే అంటుంది. జీతమిచ్చేవాళ్ళ పుస్తకంలో ఇంకో మాట ఉంది. రెండో తరగతితోనే బడికి దణ్ణం పెట్టి, ముప్ఫై ఏళ్ళు కుట్టుమిషను తొక్కి, సూదిలో దారం కనబడడం మానేశాక ఈ పొయ్యి దగ్గరికి వచ్చింది. తనకి తెలియనిది ఉందంటే ఒప్పుకోదు. ఎవరైనా తెలియని మాట అంటే, దాన్ని విడమరిచి చెప్పేదాకా వాళ్ళకి టీ పొయ్యదు.

ఎందుకుగారు ఆ ఆఫీసులో చేరిన తీరే ఒక వింత. దరఖాస్తు పెడితే "మీరు ఎంపిక కాలేదు" అని ఒక ముక్క వచ్చింది. మామూలు మనిషైతే ఇంకో చోట పెట్టుకుంటాడు. ఈయన మర్నాడు పొద్దున్నే వచ్చి టీ గది పక్కనున్న కుర్చీలో కూర్చున్నాడు.

"ఎవరి కోసం నాయనా?" అంది పెద్దమ్మ.

"ఎవరి కోసమూ కాదు పెద్దమ్మా. నన్నెందుకు వద్దన్నారో కనుక్కుందామని."

"ఉద్యోగం ఇమ్మని అడగవా?"

"వద్దన్నారుగా, మళ్ళీ ఎలా అడుగుతాను? కారణం చెబితే వెళ్ళిపోతాను."

మూడు రోజులు కూర్చున్నాడు. మూడు రోజులూ పెద్దమ్మ తిడుతూనే టీ పోసింది. చివరికి మేనేజరమ్మ విసిగిపోయి ఆ దరఖాస్తు వెతికించింది. తీరా చూస్తే అది ఇంకొకరి దరఖాస్తు వెనక జిగురుకి అంటుకుపోయి ఉంది. అసలు దాన్నెవరూ చదవనే లేదు. ఆవిడ సిగ్గుపడి అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చేసింది. "ఎందుకిస్తున్నా..." అని ఆయన నోరు తెరిచేసరికి పెద్దమ్మ వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగింది.

ఇంకోసారి కింద గుమ్మం దగ్గర వాచ్‌మన్ ఒక రంగులాయన్ని ఆపాడు. నిచ్చెనతో లోపలికి రాకూడదట.

"ఎందుకండీ?" అన్నాడు ఎందుకుగారు.

"రూలు సార్."

"ఎవరు పెట్టారు?"

"నాకంటే ముందున్నాయన చెప్పాడు."

"ఆయన ఏడీ?"

"ఉద్యోగం మానేశాడు సార్."

"ఎందుకు?"

వాచ్‌మన్ కుర్చీలో కూలబడ్డాడు. గంటసేపు పాత రిజిస్టర్లన్నీ దులిపితే బయటపడింది కారణం. పదకొండేళ్ళ కిందట ఎవరిదో నిచ్చెన తగిలి హాల్లో గాజు దీపం పగిలింది. ఆ దీపం ఇప్పుడు లేదు. ఆ హాలూ లేదు, గోడ కట్టేశారు. రూలు మాత్రం గుమ్మంలో నిలబడే ఉంది. ఎందుకుగారు దాన్ని కొట్టేయించి, నిచ్చెన రెండో కొస తను పట్టుకుని, రంగులాయనతో కలిసి పైకొచ్చాడు. అప్పటికి మేనేజరమ్మ పెట్టిన మీటింగు అయిపోయింది.

ఇంట్లో ఆయన భార్య దీనికి ఎప్పుడో మందు కనిపెట్టింది. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాయితం అంటించింది. "మూడో చెంచా చక్కెర వద్దు, డాక్టరుగారు వద్దన్నారు. ఎందుకన్నారో ఆయన్నే అడగండి. ఆయన్ని అడగడానికి మాత్రం అపాయింట్‌మెంటు నేను తీసుకోను. పోయినసారి మీరు అడుగుతూ అక్కడే కూర్చుంటే ఆయన నాకు ఫోన్ చేసి, 'అమ్మా, మీ ఆయనకి జబ్బేం లేదు, దయచేసి తీసుకెళ్ళండి' అన్నాడు." ఎందుకుగారు ఈ కాయితాన్ని ఆఫీసుకి తెచ్చి అందరికీ చూపించి మురిసిపోయాడు. "చూశావా పెద్దమ్మా, కారణాలన్నీ రాసింది!"

"నీకు దొరికింది కాబట్టి సరిపోయింది, ఇంకొకతైతే ఫ్రిజ్‌లోనే పెట్టేసేది నిన్ను" అంది పెద్దమ్మ.

ఇలాంటి మనిషి చేతిలో ఆఫీసు వెబ్‌సైటు ఉంది. మంచం కావలసినవాళ్ళు అందులో మొదటి పేజీలో పేరూ ఫోను నంబరూ రాస్తారు, రెండో పేజీలో ఏం కావాలో రాస్తారు. ఉన్నట్టుండి ఒకరోజు దాని మీద దొంగలు పడ్డారు. వేల కొద్దీ దొంగ చీటీలు కుమ్మరించి, లోపలున్న రోగుల వివరాలు లాగబోయారు. సమయానికి తీగ పీకేశారు గానీ, అందరి తలప్రాణం తోకకొచ్చింది.

మేనేజరమ్మ అందరినీ పిలిచి, "మనకి వెబ్ అప్లికేషన్ ఫైర్‌వాల్ కావాలి" అంది.

"అంటే ఏమిటి?" అంది పెద్దమ్మ, టీ గిన్నె ఎత్తి పట్టుకుని. పొయ్యలేదు.

ఎందుకుగారే చెప్పాడు. "గుమ్మం ముందు కాపలావాడు పెద్దమ్మా. వెబ్‌సైటుకి వచ్చే ప్రతి చీటీ విప్పి చూస్తాడు. దొంగ వాసన వస్తే వెనక్కి పంపేస్తాడు. రెండు రకాలున్నారు. ఒకటి కమర్షియల్, అంటే డబ్బిచ్చి కంపెనీ దగ్గర తెచ్చుకునేవాడు. వాడి రూళ్ళు వాడివే, రోజూ కంపెనీవాళ్ళే కొత్త దొంగల గురించి నేర్పుతారు, ఏ వేళ ఫోన్ చేసినా పలుకుతారు. రెండోది ఓపెన్ సోర్స్. ఎవరో పుణ్యాత్ములు నలుగురూ కలిసి రాసి అందరికీ ఊరికే ఇచ్చారు. రూళ్ళన్నీ తెరిచిన పుస్తకం, మనం చదవొచ్చు, దిద్దొచ్చు. కాకపోతే మనమే దగ్గరుండి నేర్పుకోవాలి."

"ఓస్, ఇంతేనా!" అని పెద్దమ్మ టీ పోసింది. "ఒకటి దుకాణంలో కొన్న రెడీమేడ్ చొక్కా. ఒకటి ఊరికే వచ్చిన గుడ్డ. ఊరికే వచ్చిన గుడ్డకి కుట్టుకూలి ఎక్కువ, అది చూసుకోండి."

అంత పెద్ద మీటింగులో అంతకంటే తెలివైన మాట ఎవరూ అనలేదు.

మేనేజరమ్మ మనసు రెడీమేడ్ చొక్కా మీదే ఉంది. కంపెనీ తరఫున మెడకి టై కట్టుకుని వచ్చిన అమ్మకాలాయన అంటే, అదే టైగారంటే, ఆవిడకి గురి కుదిరింది. "రెండు వారాలు చూద్దాం" అంది. "మొదటి వారం వీళ్ళది, రెండో వారం ఆ ఓపెన్ సోర్స్. రెండో వారం శుక్రవారం పన్నెండింటికి తేల్చేస్తాను. కంపెనీదే పెడితే ఎందుకుగారూ, మీకిక్కడ పనుండదు. ఊరి చివర గోదాములో మంచాలకి చీటీలంటించే మనిషి కావాలి, అక్కడికి వెళ్దురుగాని."

"ఎందు..."

"కారణం చెప్పేశానుగా!"

"పోతే పోనీ, పూటకి రెండు కప్పుల టీ మిగులుతుంది" అంది పెద్దమ్మ పైకి. అన్నాక చక్కెర డబ్బాలో టీపొడి పోసింది. ముప్ఫై ఏళ్ళు కుట్టినావిడ, చెయ్యి తప్పడమంటే ఏమిటో ఆవిడకి తెలుసు.

మొదటి వారం కంపెనీ కాపలావాడు రాజులా నిలబడ్డాడు. దొంగ అన్నవాడు గుమ్మం తొక్కలేదు. మేనేజరమ్మ నవ్వడం కూడా మొదలుపెట్టింది. "ఒక్క ఫిర్యాదు రాలేదు!" అంది.

"వెనక్కి పంపేసినవాళ్ళు ఫిర్యాదు ఎలా చేస్తారు మేడమ్? ఫిర్యాదు చేసే తలుపు కూడా అదేగా" అన్నాడు ఎందుకుగారు. ఆపినవాళ్ళ జాబితా అచ్చు తీసుకుని, ఎర్ర పెన్సిలు చెవిలో పెట్టుకుని, టీ గది బల్ల మీద పరిచాడు. ప్రతి వరసకీ ఎదురుగా ఒకే మాట ఉంది: అనుమానాస్పదం. పక్కన ఒక నంబరు. అంతే. టైగారి కంపెనీకి ఫోన్ కొట్టాడు.

"నలభై రెండో వరసలో మనిషిని ఎందుకు ఆపారండీ?"

"అనుమానాస్పదం సార్."

"అనుమానం ఎందుకొచ్చిందండీ?"

"అది మా లోపలి రూలు సార్, బయటికి చెప్పం. చెబితే దొంగలు నేర్చుకుంటారు."

"నిజమేనండీ. మరి దొంగ కానివాడు ఏం నేర్చుకుంటాడు?"

అవతల కాసేపు సంగీతం వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది.

పెద్దమ్మ జాబితా మీదికి వంగి చూసింది. అక్షరాలు కూడబలుక్కుంటే గానీ రావు. ఒకచోట మాత్రం వేలు పెట్టి ఆగింది. అక్కడ రాసిన చీటీకి పైనా కిందా వరసగా గీతలు, నాలుగు మూలలా నక్షత్రాలు, మధ్యలో ఒక మంచం కావాలని రెండు ముక్కలు.

"ఇదేమిటి నాయనా, అంచు కుట్టినట్టుందే!"

"ఆ గీతలూ చుక్కలూ చూసే భయపడి ఉంటాడు పెద్దమ్మా. దొంగలు అలాంటి గుర్తులు దట్టించి తాళం తెరవబోతారు."

"వాడి మొహం! దొంగెక్కడైనా అంచు కుట్టుకుని వస్తాడా? పద్ధతి తెలిసిన చెయ్యి ఇది. ఎన్నిసార్లు ఆపాడు?"

"మూడు. తర్వాత రాలేదు."

ఆ వారమే ఆఫీసులో గుసగుసలు మొదలయ్యాయి. ఎందుకుగారు మధ్యాహ్నం కాగానే క్యారియర్ బల్ల మీదే వదిలేసి, ఆ జాబితా చంకలో పెట్టుకుని, ఎవరూ తిరగని వెనక మెట్ల మీదికి పోతున్నాడు. అరగంట ఫోన్. ఎవరైనా అటు వస్తే గొంతు తగ్గించేస్తున్నాడు. ఇంకో ఉద్యోగం వెతుక్కుంటున్నాడని ఒకరు, బీమా పాలసీలు అమ్ముతున్నాడని ఒకరు. ఈ వయసులో ఇదేం బుద్ధి అని ఇంకొకరు నవ్వారు. పెద్దమ్మ వాళ్ళందరికీ నీళ్ళ టీ పోసింది. కానీ ఆవిడకీ మనసులో పురుగు తొలిచింది.

రెండో వారం ఓపెన్ సోర్స్ కాపలావాడు గుమ్మంలోకి వచ్చాడు. రావడం రావడమే వీరావేశం. కొత్తగా పనిలో చేరినవాడు కనబడినవాళ్ళందరికీ సలాం కొడతాడు. వీడు కనబడినవాళ్ళందరినీ ఆపేశాడు. అంచు కుట్టిన చీటీ మళ్ళీ ఒకసారి వస్తే దాన్నీ ఆపాడు. చివరికి మేనేజరమ్మనే ఆపాడు.

"నన్నే ఆపుతాడా?" అని ఆవిడ గుమ్మం అదిరేలా వచ్చింది.

"ఆపాడు మేడమ్. ఎందుకో ఇదిగో." ఎందుకుగారు ఒక చీటీ చేతిలో పెట్టాడు. ఏ రూలు, ఏ వరస, అందులో ఏ గుర్తు అన్నీ ఉన్నాయి. "మీరు వేరే ఫైలు లోంచి తెచ్చి అతికించారు, దాంతోపాటు పనికిరాని గుర్తులు కొన్ని అంటుకొచ్చాయి. ఈ టీ తాగేలోపు దిద్దేస్తాను." దిద్దేశాడు. అంచు చీటీని ఆపిన గీతల రూలు కూడా, ఏం కావాలో రాసే ఆ ఒక్క గడి వరకు సడలించాడు. మేనేజరమ్మ కోపగించుకోవాలని వచ్చి, కోపానికి కారణం మిగలక, టీ తాగి వెళ్ళింది.

బుధవారం మాత్రం గండం వచ్చింది. లోకంలో కొత్తరకం దొంగతనం ఒకటి బయలుదేరిందని తెలిసింది. టైగారి కంపెనీ వాళ్ళ గుమ్మాలన్నిటికీ గంటలో కొత్త రూలు పెట్టేసిందట. ఎందుకుగారు పొద్దుటినుంచి సాయంత్రం దాకా తెరకి నుదురు ఆనించి కూర్చున్నాడు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఎక్కడో రాసి పెట్టిన రూలు వెతికి తెచ్చి, మన గుమ్మానికి సరిపడేలా కత్తిరించి పెట్టేసరికి ఆరయింది. అదృష్టం బాగుండి ఈలోగా దొంగ రాలేదు. ఆ రోజు కూడా మధ్యాహ్నం అరగంట మెట్ల మీదికి పోయాడు!

ఇక పెద్దమ్మ ఆగలేదు. గురువారం చెప్పులు చేతిలో పట్టుకుని, మెట్ల తలుపు వెనక నిలబడింది. చాటుగా వినడం తప్పని ఆవిడకి తెలుసు. తనది చాటు కాదని, తలుపే మధ్యలో వచ్చిందని సర్దిచెప్పుకుంది.

"నమస్కారమండీ, మంచాల ఆఫీసునుంచి. అమ్మకానికి కాదండీ, పెట్టేయకండి. మొన్న మీరు మా వెబ్‌సైటులో సగం నింపి ఆగిపోయారు, మీ నంబరు మొదటి పేజీలో ఉంది. మిమ్మల్ని మా కాపలావాడు పొరపాటున ఆపాడండీ. మీ తప్పేం లేదు. అయ్యో, మీకు చేతకాకపోవడమేమిటండీ? మీరు సరిగ్గానే రాశారు. వాడికే మనుషులు తెలీరు. ఏం కావాలో చెప్పండి, నేను రాసుకుంటాను."

ఒకటి అయ్యాక ఇంకొకటి. ప్రతిదాంట్లోనూ అదే మాట. మీ తప్పేం లేదు. ఒకాయనకి నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది. పెద్దమ్మ చెప్పులు అక్కడే మరిచిపోయి వచ్చింది. గుమ్మడికాయ దొంగ అనగానే భుజాలు తడుముకునేది దొంగొక్కడే కాదు. కారణం చెప్పకుండా ఆపితే మంచివాడే ముందు తడుముకుంటాడు, ఏం తప్పు చేశానో అని. ఈ పిచ్చి మహానుభావుడు ఊళ్ళో అందరి భుజాలూ దులుపుతూ తిరుగుతున్నాడన్నమాట ఇన్నేళ్ళుగా.

శుక్రవారం పన్నెండు. బల్లకి ఒకవైపు మేనేజరమ్మ, ఇంకోవైపు టైగారు, మధ్యలో సంతకానికి కాయితం. పెద్దమ్మ పళ్ళెంలో టీలు పట్టుకుని తలుపు దగ్గర.

"ఎందుకుగారూ, మీరే చెప్పండి. ఏది మంచిది?" అంది మేనేజరమ్మ.

"దొంగల్ని పట్టడంలో వాళ్ళదే మేడమ్."

"నీ నోట్లో మన్ను పొయ్య!" అంది పెద్దమ్మ.

"నిజం పెద్దమ్మా. బుధవారం చూశాగా. మనది ఊరికే వచ్చింది గానీ, రోజూ దానికి నేను కాపలా ఉండాలి. నాకు జ్వరమొస్తే అదీ మంచం ఎక్కుతుంది."

"మరింకేం" అని మేనేజరమ్మ కలం తీసింది.

"ఆ మెట్ల మీద సంగతి చెప్పవేం?" అని అరిచింది పెద్దమ్మ. సరిగ్గా అప్పుడే ఎందుకుగారి జేబులో ఫోన్ మోగింది. ఆయన కంగారుపడి నొక్కరాని చోట నొక్కాడు. గదంతా వినబడేలా ఒక ముసలి గొంతు పలికింది.

"ఈ నంబరునుంచి రెండుసార్లు వచ్చిందండీ. నాకు చెవులు సరిగా వినపడవు. ఎవరండీ?"

"మంచాల ఆఫీసండీ..." అన్నాడు ఎందుకుగారు తన మెత్తని గొంతుతో.

"ఆఁ?"

పెద్దమ్మ పళ్ళెం టైగారి ఒళ్ళో పెట్టి ఫోన్ లాక్కుంది. "మంచాలాఫీసు వదినా! అంచు కుట్టి చీటీ రాసింది నువ్వేనా?"

"అంచా? ఓ, అదా! నలభై ఏళ్ళు టైపు నేర్పానమ్మా. గీత గీయందే, మూలల్లో చుక్క పెట్టందే చెయ్యి ఊరుకోదు. రేపు మా ఆయన ఆసుపత్రినుంచి ఇంటికొస్తున్నారు. లేపి కూర్చోబెట్టే మంచం కావాలని నాలుగుసార్లు రాశాను. పోలేదు. నాకే చాతకావట్లేదు, వయసైపోయింది అనుకున్నాను. కింద పరుపు వేశాను. ఆయన్ని నేనొక్కదాన్నీ ఎలా లేపాలో తెలీడం లేదు."

"నీకు చాతకాకపోవడమేమిటి? మావాడికి కళ్ళు లేవు! అంత చక్కని పని చూసి దొంగ అనుకున్నాడు. పరుపు తీసెయ్. మంచం సాయంత్రానికి వస్తుంది." పంపేది ఎవరని పెద్దమ్మ ఎవరినీ అడగలేదు. మేనేజరమ్మ అప్పటికే గోదాముకి చీటీ రాస్తోంది.

"ఇలా ఎంతమంది?" అందావిడ తల ఎత్తకుండా.

"రెండు వారాలకీ కలిపి ముప్ఫై ఏడు మేడమ్. ఇద్దరు కాపలావాళ్ళూ ఆపారు" అన్నాడు ఎందుకుగారు. "మనవాడు ఎందుకు ఆపాడో చెప్పాడు, అంతే తేడా."

మేనేజరమ్మ టైగారి వైపు తిరిగింది. "మీవాడు ఆపిన ప్రతిసారీ కారణం చెబుతాడని ఒప్పందంలో రాసిస్తారా? ఇప్పుడే సంతకం పెడతాను."

టైగారు ఒళ్ళో పళ్ళెం పక్కన పెట్టి, వరండాలోకి వెళ్ళి, హెడ్డాఫీసుకి ఫోన్ చేశాడు. రెండు నిమిషాల్లో తిరిగొచ్చాడు. "కుదరదన్నారు మేడమ్."

"సరే. మనది ఓపెన్ సోర్సే. ఎందుకుగారూ, మీకు జ్వరమొస్తే చూడ్డానికి ఇంకో ఇద్దరికి నేర్పండి, మనుషుల్ని నేనిస్తాను. ఫోన్లు మెట్ల మీద కాదు, కుర్చీలో కూర్చుని చెయ్యండి. చెవులు వినపడని వాళ్ళు తగిలితే పెద్దమ్మకివ్వండి."

"నా టీ గది ఎవరు చూస్తారు?" అంది పెద్దమ్మ, అప్పుడే ఫోన్ కొంగుతో తుడుస్తూ.

అందరూ లేచారు. టైగారు మాత్రం మళ్ళీ వరండాలోకి వెళ్ళి నిలబడిపోయాడు, టై ముడి సడలించి, ఫోన్ వంక చూస్తూ. ఆరు వారాలు తిరిగాడు పాపం ఈ సంతకం కోసం. ఎందుకుగారు సంచీ కింద పెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుని, ఆయన పక్కకి చేరాడు.

"ఎందుకు కుదరదన్నారండీ?"

"తెలీదు సార్. చెప్పలేదు. నేనే సరిగా అడగలేదేమో."

"అబ్బే, మీ తప్పేం లేదు. కూర్చోండి, కనుక్కుందాం."

ఇద్దరూ టీ గది ముందు పక్కపక్కనే కూర్చున్నారు. హెడ్డాఫీసు ఫోన్లో సంగీతం మోగుతోంది. పెద్దమ్మ పొయ్యి మీద గిన్నెలో ఇంకో గ్లాసుడు నీళ్ళు ఎక్కువ పోసింది. చాలాసేపటికి అవతల ఎవరో పలికారు.

"మీరెవరండీ?"

"మీ సరుకు వద్దన్నవాళ్ళమండీ" అన్నాడు ఎందుకుగారు, మెత్తగా. "మీ మనిషికి కారణం చెప్పకుండా పెట్టేశారట. ఆయన తరఫున అడుగుదామనీ."